ఇంటర్నెట్ కొత్తగా నేర్చుకునేవాళ్లు సహాయం కోసం మొదట ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న
రాసినవారు: బ్రాడీపేట పాఠకురాలు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, మా అబ్బాయి వదిలి వెళ్లిన ల్యాప్‌టాప్ ఉంది, ఇంట్లో నెట్ కనెక్షన్ కూడా ఉంది. అయినా వాట్సాప్‌లో వచ్చినవి చూడటం, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం తప్ప నాకు మరో పని రాదు. కరెంటు బిల్లు కట్టాలన్నా, పెన్షన్ కోసం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలన్నా ఎవరో ఒకరి చేతికి ఫోన్ ఇవ్వవలసి వస్తోంది. అలా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఏమి నొక్కారో, నా సమాచారం ఎక్కడికి వెళ్లిందో తెలియకుండా పని అయిపోయిందని ఊరుకోవడం కంటే, నిదానంగానైనా సరే నేనే నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మా అబ్బాయి బెంగళూరు నుంచి ఓపికగానే చెబుతాడు. కానీ "పైన మూడు చుక్కలు ఉంటాయి చూడమ్మా, అవి నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లు" అని అతను ముగించే సరికి నేను ఇంకా ఆ చుక్కల కోసమే వెతుకుతూ ఉంటాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య ఇంటర్నెట్ మీద ఒక తెలుగు పుస్తకం కనిపిస్తే కొన్నాను. టెలిఫోన్ లైనుకు మోడెమ్‌ను ఎలా కలపాలో అందులో వివరంగా ఉంది గానీ, నా ఫోన్‌లో కనిపించేవేవీ అందులో లేవు. యూట్యూబ్‌లో వెతికితే వీడియోలకు కొదవ లేదు. వాటిలో ఏది నమ్మదగినదో తేల్చుకోవడం నా వల్ల కావడం లేదు. మా వీధిలో ఒకాయన, ప్రధానమంత్రి పేరుతో డిజిటల్ అక్షరాస్యత పథకం ఉన్నదనీ, రుసుము కడితే శిక్షణతో పాటు సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తాననీ అంటున్నారు.

నాలాంటివాళ్లు సహాయం కోసం మొదట ఎక్కడ చూడాలి? తెలుగులో నమ్మదగినవి ఏమున్నాయి? ఇంగ్లీషు చదవగలను గానీ నెమ్మదిగా చదువుతాను.

సమాధానం
రాసినవారు: గ్రంథాలయ ఉద్యోగి, విజయవాడ

నమస్కారమండీ టీచరు గారూ. ముందుగా ఒక మాట: ఆ రుసుము కట్టకండి. మీ వీధిలో ఆయన చెబుతున్నది ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ గురించి అయి ఉంటుంది. అది 2017లో గ్రామీణ కుటుంబాల కోసం మొదలైన పథకం. కుటుంబానికి ఒకరి చొప్పున, 14 నుంచి 60 ఏళ్ల వయసు వారికి, 20 గంటల శిక్షణ ఇచ్చేవారు. నేర్చుకునేవారి దగ్గర డబ్బు తీసుకునేవారు కాదు. 2024 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. కాబట్టి గుంటూరు నగరంలో ఉన్న మీకు దాని పేరు చెప్పి ఎవరు రుసుము అడిగినా అది సరైన మాట కాదు. ఆయనకు పథకం ముగిసిన సంగతి తెలియకపోయి ఉండవచ్చు కూడా, అందువల్ల మర్యాదగానే ఈ విషయం చెప్పండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మా గ్రంథాలయంలో కంప్యూటర్ల దగ్గరకు వచ్చే పెద్దవాళ్లను చూస్తూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది: మొదటి మెట్టు మీద మనిషి సహాయమే కావాలి, ఎదురుగా కూర్చున్న మనిషి సహాయం. వీడియో ఎంత మంచిదైనా మీరు ఎక్కడ ఆగిపోయారో దానికి తెలియదు. అయితే ఆ మనిషి దగ్గర ఒక్క నియమం పెట్టుకోండి. ఫోన్ మీ చేతిలోనే ఉండాలి, వారు నోటితో మాత్రమే చెప్పాలి. "ఇలా ఇవ్వండమ్మా, నేను చేసిపెడతాను" అని ఎవరైనా చెయ్యి చాపితే, నొక్కేది నేనే, మీరు చూపించండి చాలు అని చెప్పండి. మీ వేలు నొక్కిన బటన్‌నే మీరు గుర్తుపెట్టుకుంటారు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ తెర మీద ఏ మాట కనిపించిందో, దాన్ని నొక్కితే ఏమి వచ్చిందో రాసుకోండి. పాఠం చెప్పిన చేతికి ఇది కొత్త పని కాదు.

అటువంటి మనిషి ఇంట్లో దొరకకపోతే దగ్గరలోని గ్రంథాలయానికి వెళ్లి అడగండి. గుంటూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి ఆలయంలో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. అక్కడ తరగతులు నడుపుతారని నేను అనడం లేదు. చదువుకోవడానికి వచ్చే విద్యార్థులు, తీరిక ఉన్న పెద్దలు, అడిగితే విసుక్కోని సిబ్బంది ఒకే చోట దొరికే స్థలం అది. 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు బెజవాడలో తొలిసారి సభ జరుపుకుని గ్రంథాలయ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నది చదువు అందనివారికి దాన్ని అందించడం కోసమే. 1935లో పెదవడ్లపూడి కాలువ మీద పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ తీసుకువెళ్లారు. ఈ ప్రాంతపు గ్రంథాలయాలు ఈనాటి అవసరానికి కూడా ఆ పని చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను, అందుకే మీరు వెళ్లి అడగాలని అంటున్నాను. అడిగేవాళ్లు ఉంటేనే ఏర్పాట్లు జరుగుతాయి.

మీరు కొన్న పుస్తకాన్ని పారేయవద్దు. మన దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు టెలిఫోన్ లైను, మోడెమ్‌లతోనే పని జరిగింది గనుక ఆ కాలపు పుస్తకాలు అలాగే ఉంటాయి. అందులో బటన్ల గురించి, తెరల గురించి రాసినది పాతబడింది. కానీ బ్రౌజర్ అంటే ఏమిటి, వెబ్ చిరునామా అంటే ఏమిటి, మనం ఒక పేజీ అడిగితే అది ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి మన దగ్గరకు ఎలా వస్తుంది అన్న అధ్యాయాలు నేటికీ చదవదగినవే. ఈ మాటలు తెలిసి ఉంటే మీ అబ్బాయి చెప్పేది సగం తేలిక అవుతుంది. ఉదాహరణకు బ్రౌజర్ వేరు, గూగుల్ వేరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అనేవి పేజీలు తెరిచి చూపించే బ్రౌజర్లు. గూగుల్ సెర్చ్ అనేది పేజీలను వెతికిపెట్టే సేవ. చిరునామా తెలిసినప్పుడు వెతకనవసరం లేదు, బ్రౌజర్ పైభాగంలో నేరుగా టైప్ చేయవచ్చు. ఈ ఒక్క తేడా తెలియకనే చాలామంది ప్రతి పనికీ వెతుకులాటతో మొదలుపెట్టి, ఎక్కడెక్కడికో వెళ్లిపోతున్నారు.

రెండో మెట్టు మీద, ఏ యాప్ గురించి సందేహం వస్తే ఆ యాప్ లోపలే ఉన్న సహాయం పేజీని తెరవండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళితే సహాయం అనే మాట కనిపిస్తుంది. క్రోమ్‌లో మీ అబ్బాయి చెప్పిన ఆ మూడు చుక్కల జాబితా చివరలో సహాయం ఉంటుంది. ఆ పేజీలు తయారుచేసిన వారు ఎవరో తెలుసు, యాప్ మారినప్పుడు అవి కూడా మారుతూ ఉంటాయి. ఎవరో ఎప్పుడో తీసిన వీడియోకు ఈ రెండు గుణాలూ ఉండవు.

ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవడానికి బొంబాయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్ నాకు అన్నిటికంటే నచ్చింది. దాదాపు పది నిమిషాల చిన్న పాఠాలు, వాటిలో చాలావాటికి తెలుగు వ్యాఖ్యానం ఉంది, అన్నీ ఉచితం. లిబ్రె ఆఫీస్ (ఉత్తరాలు, పట్టికలు తయారుచేసుకునే ఉచిత ప్రోగ్రాము), ఫైర్‌ఫాక్స్ వంటి వాటితో మొదలుపెట్టవచ్చు. తెరలో సగభాగంలో పాఠం నడుస్తుండగా, మిగతా సగంలో మనం అదే పని చేస్తూ, ఆపుకుంటూ ముందుకు వెళ్లాలన్నది వారి పద్ధతి. మీ అబ్బాయిని ఒక్కసారి ఆపమంటే మొహమాటంగా ఉండవచ్చు, ఆ పాఠాన్ని ఎన్నిసార్లయినా ఆపవచ్చు.

మీరు తెలుగు టీచరు గనుక ఇంకొకటి కూడా చెబుతాను. తెలుగు వికీపీడియా 2003లో మొదలై ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలతో ఉంది. అందులో ప్రయోగశాల అనే పేజీలో మీరు ఏమి టైప్ చేసినా, ఎంత చెరిపేసినా ఏ వ్యాసమూ పాడవదు. సందేహం వస్తే అడగడానికి సహాయ కేంద్రం ఉంది, చర్చకు రచ్చబండ ఉంది, జవాబులు తెలుగులోనే వస్తాయి. లింకు అంటే ఏమిటో, మార్పు చేసి భద్రపరచడం అంటే ఏమిటో చేతికి రావడానికి మీకు ఇంతకంటే మంచి చోటు ఉండదని నా నమ్మకం.

సమాధానం
రాసినవారు: బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, సత్యనారాయణపురం

పైన గ్రంథాలయ ఉద్యోగి గారు ఎక్కడ చూడాలో చక్కగా చెప్పారు. ఎక్కడ చూడకూడదో కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది సహాయం కోసం వెతికే ఆ క్షణంలోనే.

దయచేసి ఏ బ్యాంకు, గ్యాస్ కంపెనీ, కొరియర్ సంస్థ కస్టమర్ కేర్ నంబరునూ సెర్చ్‌లో వెతకవద్దు. వెతికినప్పుడు అన్నిటికంటే పైన వచ్చే ఫలితాలు తరచుగా డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. వాటి పక్కన స్పాన్సర్డ్ అనే చిన్న మాట ఉంటుంది గానీ, తొందరలో ఉన్న కంటికి అది ఆనదు. మోసగాళ్లు సొంత పేజీలు తయారుచేసి, వాటిలో సంస్థ పేరు పక్కన తమ నంబరు రాసిపెడతారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ అలా దొరికిన నంబరుకు తానే ఫోన్ చేశారు. తానే చేసిన ఫోన్ కాబట్టి అనుమానం రాలేదు. అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడి, సమస్య చూడటానికని ఒక యాప్ పెట్టుకోమన్నాడు. అది మన తెర మొత్తాన్ని అవతలి వాడికి చూపించే యాప్. ఆ తర్వాత వచ్చిన ఓటీపీని ఆవిడ నోటితో చెప్పనక్కరలేకపోయింది, అతను తన తెర మీదే చదువుకున్నాడు.

నంబరు కావలసి వస్తే ఏటీఎం కార్డు వెనుక వైపు చూడండి, పాస్‌బుక్ మొదటి పేజీ చూడండి, గ్యాస్ రసీదు మీద చూడండి. బ్యాంకు వెబ్‌సైటు తెరవాలంటే ఇప్పుడు ఒక మంచి గుర్తు వచ్చింది. బ్యాంకులన్నీ తమ ఇంటర్నెట్ బ్యాంకింగ్ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసేలా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించి, అందుకు 2025 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చింది. ఆ ముగింపు ఉన్న చిరునామాలు నమోదైన బ్యాంకులకు మాత్రమే ఇస్తారు. ప్రభుత్వ శాఖల చిరునామాలు ఎక్కువగా డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తాయి. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే సైటు మంచిదని పాత పాఠాల్లో చెప్పేవారు. తాళం ఉన్నదంటే మీకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం, ఆ సైటు నడిపేవాడు నిజాయితీపరుడని కాదు. మోసగాడి సైటుకు కూడా తాళం ఉంటుంది. ఈ అపోహ వల్లనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఫోన్‌పే, గూగుల్ పే వంటి యూపీఐ యాప్‌లు నేర్చుకునేటప్పుడు ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. డబ్బు మన దగ్గరకు రావడానికి పిన్ కొట్టవలసిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయవలసిన పని లేదు. పిన్ అడిగారంటే డబ్బు బయటకు వెళ్లబోతోందన్నమాట, లేదా మీరే బ్యాలెన్స్ చూసుకుంటున్నారన్నమాట. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఉండిపోవద్దు; వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోగా ఆపించడానికి వారు ప్రయత్నిస్తారు కాబట్టి, ఎంత త్వరగా చెబితే అంత మేలు.

లైఫ్ సర్టిఫికెట్ విషయం. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సేవ జీవన్ ప్రమాణ్ 2014 నుంచి ఉంది. మొదట్లో వేలిముద్ర యంత్రం కావలసి వచ్చేది. 2021 నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు ఉండాలి, రెండూ ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు రూపంలో ఏ యాప్‌నూ పెట్టుకోవద్దు. ఏ నెలల్లో ఇవ్వాలన్నది మీ ట్రెజరీ కార్యాలయంలో అడిగి, వారి ఎదుటే మొదటిసారి మీ చేతితో చేయండి. నేర్చుకోవడం, పని పూర్తి కావడం రెండూ అక్కడే అవుతాయి.

సమాధానం
రాసినవారు: కంప్యూటర్ బోధకుడు, అరండల్‌పేట

టీచరు గారికి నమస్కారం. గుంటూరులోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. పైవారు చెప్పని రెండు విషయాలు రాస్తాను.

ఫోన్ భాషను తెలుగులోకి మార్చుకోమని చాలామంది కొత్తవాళ్లకు సలహా ఇస్తారు. అందరికీ ఆ సలహా సరిపోదని నా అనుభవం. తెలుగు మాత్రమే చదివేవారికి అది తప్పనిసరి. మీలా నిదానంగానైనా ఇంగ్లీషు చదవగలిగినవారు మొదట్లో ఇంగ్లీషులోనే ఉంచుకోవడం మేలు, ఎందుకంటే మీ అబ్బాయి ఫోన్‌లో సెట్టింగ్స్ అని చెప్పినప్పుడు, పాఠంలో డౌన్‌లోడ్స్ అని విన్నప్పుడు అదే మాట మీ తెర మీద కనిపించాలి. బటన్ల మాటలు మహా అయితే పాతిక ఉంటాయి, అవి అలవాటయ్యాక భాష మార్చుకోవచ్చు.

రాయడం మాత్రం మొదటి రోజు నుంచే తెలుగులో చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా ఉండే జీబోర్డు కీబోర్డుకు తెలుగు కలుపుకోవచ్చు. అందులో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఉంది, నేరుగా తెలుగు అక్షరాలు నొక్కే పద్ధతీ ఉంది. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే మాటలు వాటంతట అవే అక్షరాలవుతాయి. మా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామందికి భయం పోయింది ఆ మైకు దగ్గరే. మాట్లాడిన వాక్యం తెర మీద తెలుగులో పడుతుంది, ఒక అక్షరం తప్పు పడితే దాని మీద వేలు పెట్టి దిద్దుతారు, ఆ దిద్దడంలోనే కీబోర్డు వచ్చేస్తుంది.

వాట్సాప్ మీకు అలవాటే కాబట్టి మొదటి అభ్యాసంగా రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన మన మిత్ర సేవను వాడి చూడండి. దాని నంబరు 95523 00009. నంబరును ఫోన్‌లో భద్రపరచుకుని ఇంగ్లీషులో హాయ్ (Hi) అని సందేశం పంపితే సేవల జాబితా వస్తుంది. డబ్బు కట్టే పని మొదటే పెట్టుకోకుండా, ముందు జాబితాలు తెరిచి వెనక్కి రావడం అభ్యాసం చేయండి. ఎక్కడైనా ఆగిపోతే మీ వార్డు సచివాలయంలో అడగవచ్చు. అక్కడ పాఠం చెప్పేంత తీరిక సిబ్బందికి ఉండకపోవచ్చు గానీ, ఫలానా దరఖాస్తు ఏ దశలో ఉందో చూసి చెప్పే బాధ్యత వారిది.

కేంద్ర ప్రభుత్వం తరఫున హైదరాబాద్ సీడాక్ (ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వారు నడిపే సమాచార భద్రత అవగాహన కార్యక్రమం కింద మహిళల కోసం, పెద్దల కోసం తయారుచేసిన పాఠ్యసామగ్రి ఉంది, తెలుగులో కూడా దొరుకుతుంది. మొదటి వారంలో కాకుండా, నాలుగు పేజీలు తెరవడం అలవాటయ్యాక చదివితే బాగా ఒంటబడుతుంది.

ప్రశ్నించినవారి స్పందన
రాసినవారు: బ్రాడీపేట పాఠకురాలు

అందరూ శ్రద్ధగా రాశారు, కృతజ్ఞతలు. ఇందులో చాలా భాగం నేను మైకు నొక్కి చెప్పి, తర్వాత దిద్దుకున్నదే. ఒక సందేహం. బ్యాంకు చిరునామా ఎలా ముగుస్తుందో చూడమన్నారు. మొదలు చూడకుండా ముగింపు ఎందుకు చూడాలి? ఈ రోజు ఉదయం నాకు ఒక సందేశం వచ్చింది. రాత్రికి మా ఇంటి కరెంటు తీసేస్తారనీ, బిల్లు వివరాలు వెంటనే సరిచేసుకోవాలనీ ఉంది. దానిలోని లింకు మా విద్యుత్ పంపిణీ సంస్థ పేరు ఏపీసీపీడీసీఎల్‌తోనే మొదలవుతోంది. ఆ తర్వాత డాట్, బిల్ అప్‌డేట్, డాట్, టాప్ అని ఉంది. నేను దాన్ని నొక్కలేదు.

సమాధానం
రాసినవారు: గ్రంథాలయ ఉద్యోగి, విజయవాడ

నొక్కకపోవడం చాలా మంచి పని చేశారు. వెబ్ చిరునామాను మనం ఉత్తరం మీద రాసే చిరునామాలా చదవాలి. ఇంటి పేరు, వీధి పేరు ముందు వస్తాయి, ఊరు చివర వస్తుంది. విజయవాడ అనే పేరుతో ఏ ఊరిలోనైనా ఒక ఇల్లు కట్టుకోవచ్చు, అంతమాత్రాన అది విజయవాడలో ఉన్నట్లు కాదు. అలాగే చివరి చుక్కకు కుడివైపున ఉన్న ముక్క, దానికి ఆనుకుని ఎడమవైపున ఉన్న ముక్క కలిపితే ఆ సైటు అసలు పేరు వస్తుంది. దానికి ముందు, చుక్కకు ఎడమవైపున, ఆ సైటు సొంతదారు తనకు నచ్చిన మాట ఏదైనా పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. మీకు వచ్చిన లింకులో అసలు పేరు బిల్ అప్‌డేట్ డాట్ టాప్. ముందున్న ఏపీసీపీడీసీఎల్ కేవలం తగిలించుకున్న మాట. మన విద్యుత్ పంపిణీ సంస్థ సైటు ఏపీసీపీడీసీఎల్ డాట్ ఇన్, అక్కడ ఆ పేరు చివరి చుక్కకు ఆనుకుని ఉంటుంది. బ్యాంకుల చిరునామాల్లోనూ, ప్రభుత్వ చిరునామాల్లోనూ ముగింపు రెండు ముక్కలుగా ఉంటుంది కాబట్టి, డాట్ బ్యాంక్ డాట్ ఇన్ లేదా డాట్ గవ్ డాట్ ఇన్ అన్నదానికి ముందున్న ముక్కను కూడా కలిపి చదవాలి. చిరునామాలో ఏటవాలు గీత వస్తే, మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు లెక్కపెట్టండి. ఆ గీత తర్వాత వచ్చేదంతా సైటు లోపలి పేజీ పేరు, దానితో మనకు పని లేదు. ముందు వచ్చే హెచ్‌టీటీపీఎస్ తర్వాతి జంట గీతలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

కరెంటు గురించి నిజంగానే అనుమానం ఉంటే పాత బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు దగ్గర పెట్టుకుని 1912కు ఫోన్ చేసి, బాకీ ఏమైనా ఉన్నదేమో అడగండి. డబ్బు పోలేదు గనుక 1930 అవసరం లేదు. ఇటువంటి సందేశాలను తెలియజేయడానికి టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే విభాగం ఉంది. పోర్టల్ చిరునామా సంచార్ సాథీ డాట్ గవ్ డాట్ ఇన్, రెండు మాటలనూ ఇంగ్లీషులో కలిపి రాయాలి. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, సెర్చ్ చేయకుండా ఆ చిరునామాను మీరే టైప్ చేసి వెళ్లండి. సందేశం ఏ రోజు, ఏ సమయంలో, ఏ పేరుతో వచ్చిందో అక్కడ అడుగుతారు, మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీని ఆ పేజీలోనే నింపాలి. సందేశం తెరను ఫొటోగా భద్రపరచుకున్న తర్వాతే మొదలుపెట్టండి, దాన్ని కూడా జతచేయవచ్చు. ఎక్కడ ఆగిపోయినా ఆ తెర మీద ఏ మాటలు ఉన్నాయో ఇక్కడ రాయండి, రాత్రి తొమ్మిది వరకు చూస్తూ ఉంటాను.